లెటిస్‌కి ఎస్ పెట్టొచ్చా అండి? కువైట్ వెళ్తున్న తమ్ముడికి జవాబు

ముందు ఉత్తరం. రాజోలు పక్క నుంచి ఒక తమ్ముడు రాశాడు, పెద్దదే, కొంచెం కుదించి పెడుతున్నా:

"అన్నయ్యగారండీ నమస్తే. నాకు 24 ఏళ్ళు. డిగ్రీ మధ్యలో వదిలేసి మూడేళ్ళు కేటరింగ్‌లో చేశాను, వెయ్యి విస్తళ్ళ పెళ్ళిళ్ళు కూడా లాగించాం. ఇప్పుడు కువైట్‌లో శాండ్‌విచ్ షాపులో పని కుదిరింది. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేస్తూ, కస్టమర్ లెట్యూస్ వద్దంటే నువ్వేమంటావు అని ఇంగ్లీషులో అడిగారు. నేను 'ఓకే సార్, ఐ విల్ నాట్ పుట్ లెట్యూసెస్' అన్నాను. అవతల ఇద్దరూ నవ్వుకున్నారు. పని ఇచ్చారు గానీ ఆ నవ్వు బుర్రలో తిరుగుతానే ఉంది. ఆ ఆకు బర్గర్‌లో తప్ప విడిగా ఎప్పుడూ చూళ్ళేదండి. ఆ మాట ఎలా పలకాలి, ఎస్ ఎప్పుడు పెట్టాలి, అక్కడ రోజూ వినపడే వాక్యాలేంటి, కాస్త చెప్పండి. ఇంకోటి, మా అమ్మ అడగమంది, దాన్ని వండుకుంటారా పచ్చిదే తింటారా అని."

ఆయ్ తమ్ముడూ, ముందు ఒక మాట, నువ్వు చెప్పింది వాళ్ళకి అర్థమైంది, అందుకే పని ఇచ్చారు. నవ్వింది ఆ ఎస్ గురించీ, పలికిన తీరు గురించీ. నేను మస్కట్‌లో ఏడేళ్ళు వంటింట్లో చేసి వచ్చినవాణ్ణే, నా మీద ఎంతమంది నవ్వారో లెక్క లేదు, అందులో ఈ ఆకు పుణ్యాన నవ్వింది కూడా ఉంది, ఆ కథ కింద చెప్తాను.

పలకడం సంగతి ఒక్క ముక్కలో తేలిపోద్ది. జస్టిస్ అంటావు కదా, కోర్టులో జస్టిస్ గారు అని. అలాగే లెటిస్. అంతే. స్పెల్లింగ్ చివర్లో యు, సి, ఇ ఉండేసరికి రెడ్యూస్, ప్రొడ్యూస్ లాగా మనం లెట్యూస్ అని సాగదీస్తాం, కానీ ఆ సాగదీత దీనికి లేదు. బరువంతా 'లె' మీద పడాలి, 'టిస్' తేలిగ్గా వదిలెయ్యాలి. అమెరికా వాళ్ళు నీ కౌంటర్‌కి వస్తే ఇంకో తమాషా ఉంది, వాళ్ళ నోట్లో ఆ 'ట' మెత్తబడిపోయి 'డ' లాగా వినిపిస్తుంది, లెడిస్ అంటారు. మొదటి వారంలో ఒకాయన "నో లెడిస్ ప్లీజ్" అంటే లేడీస్ వద్దంటన్నాడేంట్రా ఈయన అని నేను వెనక్కి తిరిగి చూశా, మా షాపులో అసలు లేడీస్ ఎవరూ పన్జెయ్యరు.

ఇక ఎస్. దీనికి ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం అక్కర్లేదు, మీ అమ్మగారితో సంతకెళ్ళు చాలు. తోటకూర కొనేటప్పుడు అమ్మ ఏమంటుంది? "రెండు కట్టలు తోటకూర ఇయ్యి" అంటుంది. "రెండు తోటకూరలు ఇయ్యి" అని మన మలికిపురంలో గానీ పాలకొల్లులో గానీ ఎవరన్నా అడగ్గా విన్నావా? లెక్క పెట్టేది కట్టని, కూరని కాదు. లెటిస్‌ది కూడా అచ్చం ఇదే లెక్క. అందుకే లెటిస్ ముందు ఉత్తినే 'ఏ' పెట్టరు, వెనకాల ఎస్ పెట్టరు, ఎంత అని అడగాలన్నా 'హౌ మెనీ' అనరు, 'హౌ మచ్ లెటిస్' అంటారు. క్రియ కూడా ఒక్కదానికి పెట్టినట్టే, "ద లెటిస్ ఈజ్ ఫ్రెష్". గిన్నె నిండా వంద ముక్కలున్నా ఈజే.

మరి లెక్కపెట్టాల్సి వస్తే? మనకి కట్ట ఉన్నట్టు వాళ్ళకి 'హెడ్' ఉంది. పొలం నుంచి కోసుకొచ్చిన మొత్తం గుండ్రటి బుడ్డ, పీచు తియ్యని కొబ్బరికాయంత ఉంటుంది, దాన్ని హెడ్ అంటారు. "ఏ హెడ్ ఆఫ్ లెటిస్", "టూ హెడ్స్ ఆఫ్ లెటిస్". ఎస్ ఎక్కడికి పోయిందో చూశావా, హెడ్ కి తగిలింది, లెటిస్ అలానే ఉంది. ఒక్క ఆకు కావాలంటే "ఏ లెటిస్ లీఫ్", లేదా "ఏ లీఫ్ ఆఫ్ లెటిస్". సన్నగా తరిగింది "ష్రెడెడ్ లెటిస్". కొంచెం కావాలంటే "సమ్ లెటిస్". గుప్పెడు కావాలంటే "ఏ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ లెటిస్". ప్లేట్‌లో కింద ఆకులు పరిచి పైన చికెనో రొయ్యలో పెడితే మెనూ కార్డు మీద "ఆన్ ఏ బెడ్ ఆఫ్ లెటిస్" అని రాస్తారు, మంచం వేశారనుకోకు, మనం విస్తరి మీద పెట్టినట్టన్నమాట, తేడా ఏంటంటే వాళ్ళు ఆ విస్తరి కూడా తినేస్తారు.

ఇంతా చెప్పాక నిజం కూడా చెప్పాలి, లెటిసెస్ అనే మాట అసలు లేదని కాదు. బ్రిటిష్ వాళ్ళు కొట్టుకెళ్ళి "టూ లెటిసెస్" అంటారు, అంటే రెండు బుడ్డలు. తోటలో మొక్కల్ని చూపించి "ద లెటిసెస్ ఆర్ కమింగ్ అప్ నైస్లీ" అంటారు. రకరకాల లెటిస్‌లు అని చెప్పాలన్నా ఎస్ వస్తుంది. మన కొబ్బరి సంగతి చూడు, పచ్చట్లో పడింది కొబ్బరే, చెట్టు మీదవి కొబ్బరికాయలు. నీ బ్రెడ్ మధ్యలో పడింది మాత్రం ఎప్పుడూ కొబ్బరే, కాయలు కాదు. అందుకే నీ జవాబులో ఎస్ అతకలేదు. "నో ప్రాబ్లం సర్, నో లెటిస్" అనుంటే సరిపోయేది, ఐ విల్ నాట్ పుట్ అని అంత పొడుగు వాక్యం కౌంటర్ దగ్గర ఎవడూ మాట్లాడడు.

ఇప్పుడు నా కథ. మస్కట్‌లో చేరిన రెండో నెల, బర్గర్ లైన్ మీద నిలబెట్టారు. వంటింటి ప్రింటర్ లోంచి ఆర్డర్ చీటీ వస్తుంది, నేను చదివి కట్టాలి. ఒక చీటీ మీద "హోల్డ్ లెటిస్" అని ఉంది. హోల్డ్ అంటే పట్టుకోవడం అని కదా మనకి తెలిసింది, ఆరో క్లాసు నుంచీ అదే. సరే పట్టుకోమన్నారు, ఎందుకో వాళ్ళకే తెలియాలి అనుకుని బర్గర్ కట్టేసి, ఆకు ఒకటి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. లైన్ మీద ఇంకో మూడు చీటీలు వచ్చాయి, నేను ఒక చేత్తోనే లాగుతున్నా. మా ఇన్‌ఛార్జి కేరళ ఆయన, వచ్చి అటు చూసి ఇటు చూసి "వాట్ ఆర్ యూ డూయింగ్?" అన్నాడు. నేను చాలా మర్యాదగా "హోల్డింగ్ ద లెటిస్, సర్" అన్నాను. ఆ తర్వాత ఏడేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, లెటిస్ అనే పిలిచారు.

హోల్డ్ ద లెటిస్ అంటే లెటిస్ వద్దు, వెయ్యకుండా ఆపు అని. ఇది చెవిలో పడితే నువ్వు చేయి వెనక్కి తీసుకోవాలి, ముందుకి కాదు. ఇలాంటివే ఇంకొన్ని నీకు రోజుకి యాభైసార్లు తగుల్తాయి. "ఈజీ ఆన్ ద లెటిస్" లేదా "లైట్ లెటిస్" అంటే కొంచెమే వెయ్యి. "ఎక్స్‌ట్రా లెటిస్" తెలిసిందేగా. "లెటిస్ ఆన్ ద సైడ్" అంటే లోపల పెట్టకు, విడిగా పక్కన పెట్టివ్వు. అమెరికన్ పద్ధతిలో నడిచే వంటింట్లో ఎవరన్నా "ఎయిటీ సిక్స్ లెటిస్" అని అరిస్తే 86 ఆకులు తియ్యమని కాదు, లెటిస్ అయిపోయింది, ఇక ఆర్డర్ తీసుకోకు అని. నువ్వు కస్టమర్‌ని అడగాల్సింది "వుడ్ యూ లైక్ లెటిస్ ఆన్ దట్?" చూడు, ఇక్కడ కూడా లెటిస్ ముందు 'ఏ' లేదు, 'ఎనీ' పెట్టుకోవచ్చు కావాలంటే. అయిపోతే "సారీ, వియ్ ఆర్ అవుట్ ఆఫ్ లెటిస్". మెనూ మీద బీఎల్‌టీ అని ఉంటే బేకన్, లెటిస్, టొమేటో, మధ్య అక్షరం మనదే. బేకన్ అంటే పంది మాంసం, కువైట్‌లో అది అమ్మరు కాబట్టి ఆ బీ మీద నువ్వు బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

వెనకాల స్టోర్ రూమ్ వాక్యాలు వేరే. అక్కడే మంచి మాటలు దొరుకుతాయి. ఆకు కరకరలాడుతూ ఉంటే "క్రిస్ప్". అప్పడానికీ అదే మాట, ఆకుకీ అదే మాట, నాకు మొదట్లో ఎక్కలేదు, తడి ఆకు కరకరలాడ్డం ఏంటని. ఐస్‌బర్గ్ రకం ఒకటి కొరికి చూడు, లేత ముంజికాయ పక్కనుండే తొక్క కొరికినట్టు చప్పుడొస్తుంది, అప్పుడు ఎక్కుతుంది. వాడిపోతే "విల్టెడ్" లేదా "లింప్". జిగట కారితే "ద లెటిస్ హ్యాజ్ గాన్ స్లైమీ", ఇది చెప్పడానికి సిగ్గుపడకు, చెప్పకుండా వాడితే అప్పుడు పడాలి సిగ్గు, పచ్చిగా తినేది కదా. వాడినదాన్ని ఐసు నీళ్ళలో కాసేపు వేస్తే మళ్ళీ లేస్తుంది, "సోక్ ద లెటిస్ ఇన్ ఐస్ వాటర్" అంటారు. బరువులో ఇంచుమించు 95 శాతం నీళ్ళే ఉండే ఆకు అది, పోయింది నీళ్ళు, వచ్చేదీ నీళ్ళే. తర్వాత "ప్యాట్ ఇట్ డ్రై", అంటే పిండకు, గుడ్డతో అద్దు.

ఇంకోటి, అరటిపళ్ళ దగ్గర పెట్టొద్దు. రావులపాలెం అరటి మార్కెట్ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదనుకో, మగ్గే పండు నుంచి ఇథిలీన్ అని ఒక వాయువు వస్తుంది, ఒక గెల పక్కన ఇంకో గెల మగ్గేది అందుకే. ఆ గాలి తగిలితే లెటిస్ మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. అందుకే కోల్డ్ రూమ్‌లో "కీప్ ద లెటిస్ అవే ఫ్రమ్ ద బనానాస్" అని వినిపిస్తే అది ఛాదస్తం కాదు.

ఆకు చూళ్ళేదన్నావు కదా. బర్గర్ బళ్ళ మీద లెటిస్ అని చెప్పి చాలామంది వేసేది కాబేజీ తురుమే, నేను తిన్నవాటిలో సగం అవే. బయటికి రెండూ బుడ్డల్లాగే ఉంటాయి గానీ చుట్టాలు కాదు. కాబేజీ ఆవాల వంశం, లెటిస్ చామంతి వంశం. పూతకి వదిలేస్తే చిన్న చిన్న పసుపు పూలు పూస్తుంది, అప్పుడు బయటపడుతుంది దాని కులగోత్రం. కింద మొదలు కోస్తే తెల్లటి పాలు కారతాయి. పేరు కూడా ఆ పాలదే, లాటిన్‌లో లాక్ అంటే పాలు, పాలపొడి డబ్బా మీద ల్యాక్టోస్ అని ఉంటుంది చూశావా, ఆ పాలే. లాటిన్‌లో లాక్టూకా అన్నారు, ఫ్రెంచి వాళ్ళ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి లెటిస్ అయ్యింది. శాస్త్రం పేరు లాక్టూకా సటైవా, మన వరి పేరు ఒరైజా సటైవా. సటైవా అంటే సాగుచేసేది అని, అంతవరకు రెండూ ఒక ఇంటిపేరు వాళ్ళే. మన పాలకూరని విరిస్తే మాత్రం పాలచుక్క రాదు, మరి ఆ పేరేంటో!

నేను తిరిగొచ్చాక సరదాకి కుండీల్లో వేశాను. మొదట ఏప్రిల్‌లో వేశా, ఒక్క గింజ కూడా మొలవలేదు, వేడి ఎక్కువైతే గింజ నిద్ర లేవదట. నవంబర్‌లో మళ్ళీ వేస్తే సంక్రాంతికి గుబురుగా వచ్చింది, అల్లుళ్ళు కూడా చూసి మెచ్చుకున్నారు, తినలేదు. ఫిబ్రవరి ఎండలు తగిలేసరికి మధ్యలోంచి కాడ నిట్టనిలువుగా లేచిపోయి ఆకు చేదెక్కింది. దీన్ని ఇంగ్లీషులో "ద లెటిస్ హ్యాజ్ బోల్టెడ్" అంటారు. బోల్ట్ అంటే తలుపు గడియ, పరిగెత్తడం, ఇన్ని అర్థాలున్నాయి గదా, ఇక్కడ మన తోటకూర ముదిరి పూతకొచ్చింది అనే అర్థం.

షాపు దాటి బయటికెళ్తే కూడా ఈ మాట తగుల్తుంది. చేవ లేనివాణ్ణి బ్రిటిష్ వాళ్ళు "ఏ వెట్ లెటిస్" అంటారు, తడిసిన ఆకులాంటోడు అని. దీనిమీద ఆస్ట్రేలియాలో పెద్ద వెటకారం ఉంది, పాల్ కీటింగ్ అని అక్కడ ప్రధానిగా చేసినాయన, ప్రతిపక్షం వాడు తనని తిడితే వెచ్చటి లెటిస్‌తో కొట్టినట్టుందన్నాడు. మన గోదావరి జిల్లాల్లో పుట్టాల్సినోడు. ఇంకా ముదిరింది 2022లో. లిజ్ ట్రస్ బ్రిటన్ ప్రధాని అయ్యి నెల తిరిగేసరికి కుర్చీ ఊగిపోతుంటే, డైలీ స్టార్ అనే పేపరు వాళ్ళు అక్టోబర్ 14న ఒక ఐస్‌బర్గ్ లెటిస్ బుడ్డని టేబుల్ మీద పెట్టి లైవ్ వదిలారు, ఈమె ముందు పోతుందా ఆకు ముందు కుళ్ళుతుందా అని. దానికి సవరం పెట్టారు, కళ్ళు అంటించారు. 20వ తేదీన ఆవిడ రాజీనామా చేస్తున్నా అని చెప్పింది, ఆకు గెలిచింది. అందుకే బ్రిటిష్ కస్టమర్ ఎవరన్నా రాజకీయం మాట్లాడుతూ "ఔట్‌లాస్టెడ్ బై ఏ లెటిస్" అంటే నీ శాండ్‌విచ్‌కి వంక పెడుతున్నాడనుకోకు. అక్కడ 'ఏ' పెట్టారేంటి అని అడుగుతావేమో, అది ఒక ఫలానా బుడ్డ కాబట్టి. కాయల లెక్క.

పాత అమెరికన్ యాసలో లెటిస్ అంటే డబ్బులు, పచ్చనోట్లు కదా. ఇప్పుడు ఎవరూ పెద్దగా అనరు, వదిలెయ్.

ఒక పిచ్చి జోకు మాత్రం నీకు తప్పదు. లెటస్ అంటే 'మనం చేద్దాం' అనే లెట్ అస్, గబగబా పలికితే లెటిస్ లాగే వినపడుతుంది. అందుకని సలాడ్ షాపుల బోర్డుల మీద, ఏప్రన్ల మీద "లెటిస్ ఈట్" అని రాసుకుంటారు. చిన్నపిల్లలు తలుపు కొట్టే ఆట ఆడతారు, ఎవరు అంటే లెటిస్ అంటారు, ఏ లెటిస్ అంటే "లెటిస్ ఇన్, ఇట్స్ కోల్డ్ అవుట్ హియర్", లోపలికి రానివ్వండి చలేస్తోంది అని. కువైట్ ఎండలో చలేంటో. ఎవరన్నా చెప్తే నవ్వెయ్, అర్థమైందని వాళ్ళకి తెలుస్తుంది.

అసలు ముఖ్యమైంది మర్చిపోతున్నా. మీ వంటింట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారని ఎవరన్నారు? ఈజిప్టు వాళ్ళు, సిరియా వాళ్ళు, మనోళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు కలగలిపి ఉంటారు. అరబ్బీలో లెటిస్‌ని ఖస్ అంటారు. గొంతులోంచి గట్టిగా ఖ. వెనకాల నుంచి "ఖస్! ఖస్!" అని వినపడితే తిట్టడం లేదు, ఆకు అయిపోయింది తెమ్మంటున్నారు. ఫత్తూష్ అని వాళ్ళ సలాడ్ ఒకటుంది, వేయించిన రొట్టె ముక్కలూ, ఈ ఖస్సూ, పుల్లటి సుమాక్ పొడీ వేసి కలుపుతారు, ఒకసారి తిను, మన నోటికి బానే ఉంటుంది. జర్జీర్ అని ఇంకో ఆకు కూడా పక్కనే ఉంటుంది, ఘాటుగా, దాన్ని దీన్ని కలిపెయ్యకు.

వెళ్ళేలోపు రాజమండ్రో కాకినాడో పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్ళి ఐస్‌బర్గ్ ఒక హెడ్ కొను. ఇంటికొచ్చి అడుగున ఉన్న మొదలుని గట్టు మీద ఒక్కసారి గట్టిగా కొట్టి తిప్పితే ఊడొచ్చేస్తుంది, ఆ కన్నంలో కుళాయి నీళ్ళు వదిలితే ఆకులు వాటంతటవే విడిపోతాయి, చింపకుండా ఒక్కొక్కటే తీసుకోవచ్చు. నాకిది నేర్పడానికి మా ఇన్‌ఛార్జికి రెండు రోజులు పట్టింది, నువ్వు ఇక్కడే రెండుసార్లు చేసుకెళ్తే మొదటిరోజే లైన్ మీద నిలబెడతారు.

అమ్మగారి ప్రశ్నకి జవాబు, పచ్చిదే తింటారు తల్లీ అని చెప్పు. చైనా వాళ్ళు చారుల్లో, వేపుళ్ళల్లో వేసి వండుతారు కూడా, కానీ మీ అబ్బాయి వెళ్ళే చోట పచ్చిదే. మా అమ్మకి ఇదే చెప్తే నమ్మలేదు. నేను కుండీలోంచి కోసిచ్చిన ఆకంతా కందిపప్పులో వేసి నాలుగు కూతలు రానిచ్చింది. మూత తీస్తే పప్పే ఉంది, ఆకు ఎక్కడికి పోయిందో తెలీలేదు. గరిటెతో అడుగు దాకా తిప్పి చూసి, "ఒరేయ్, పొయ్యి మీద పెట్టింది నేనేనా?" అంది.